చిన్న ఇంజిన్‌కు చుట్లే బలం

కారు ఇంజిన్ ఎంత పెద్దదన్నది దాని శక్తి లెక్కలో ఒక భాగం మాత్రమే. అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు ఎంత గాలి పీల్చి ఇంధనంతో కలిపి మండించగలదు అన్నవి కూడా చేరితేనే ఆ లెక్క పూర్తవుతుంది. ఇంజిన్‌లోని క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఆ టార్క్‌ను చుట్ల వేగంతో గుణిస్తే వచ్చేది శక్తి, అంటే హార్స్‌పవర్. సూరత్‌లో మగ్గాలను నమ్ముకొని స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు ఈ సూత్రం కొత్తది కాదు: ఒక్కో పేకకు నేసే గుడ్డ అంతే అయినా, నాడె మగ్గం పోయి వాటర్‌జెట్ మగ్గం వచ్చాక నిమిషానికి పడే పేకలు కొన్ని రెట్లు పెరిగాయి, దానితోపాటే రోజువారీ దిగుబడీ పెరిగింది.

మన దేశంలో కార్ల కంపెనీలు చిన్న ఇంజిన్‌పై ఇంత శ్రద్ధ పెట్టడానికి పన్నుల విధానం ఒక ముఖ్య కారణం. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1,200 సీసీకి మించని పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు 2006 కేంద్ర బడ్జెట్ ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. సీసీ అంటే సిలిండర్లలో పిస్టన్లు కదిలే మొత్తం చోటు. ఆ హద్దు లోపలే ఉంటూ సాధ్యమైనంత శక్తిని రాబట్టడం అప్పటి నుంచి ఇంజినీర్లకు నిత్య సమస్య అయింది.

గుజరాత్‌లోనే హన్సల్‌పూర్ వద్ద 2017లో ఉత్పత్తి మొదలైన సుజుకీ కర్మాగారంలో తయారయ్యే స్విఫ్ట్‌ను ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. 2024లో వచ్చిన స్విఫ్ట్‌లోని మూడు సిలిండర్ల ఇంజిన్ పరిమాణం 1,197 సీసీ. దాని అత్యధిక టార్క్ 4,300 చుట్ల వద్ద సుమారు 112 న్యూటన్ మీటర్లు. లెక్క కడితే అక్కడ శక్తి 68 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. చుట్లు 5,700కు చేరేసరికి టార్క్ సుమారు 100కు తగ్గిపోతుంది, అయినా శక్తి దాదాపు 82 హార్స్‌పవర్‌కు పెరుగుతుంది, ఎందుకంటే ఒక్కో చుట్టులో పోగొట్టుకున్న దానికన్నా చుట్ల సంఖ్య వల్ల కలిసివచ్చేదే ఎక్కువ. ఆ వేగం దాటాక టార్క్ ఇంకా త్వరగా పడిపోయి శక్తి కూడా తగ్గడం మొదలవుతుంది.

టార్క్ అలా పడిపోవడానికి ప్రధాన కారణం ఊపిరి అందకపోవడం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి, అర చుట్టు కాలంలో గాలిని లోపలికి తీసుకుంటుంది. 3,000 చుట్ల వద్ద ఆ అర చుట్టుకు సెకనులో వందో వంతు దొరుకుతుంది, 5,700 వద్ద దాదాపు అందులో సగమే. ఆ క్షణార్ధంలోనే స్విఫ్ట్‌లోని ఒక్కో సిలిండర్ సుమారు 400 సీసీల చోటును నింపుకోవాలి. అందుకే సిలిండర్‌కు ఒక పెద్ద వాల్వ్‌కు బదులు గాలికి రెండు, పొగకు రెండు చొప్పున నాలుగు వాల్వ్‌లు పెట్టి దారిని వెడల్పు చేస్తారు. వాల్వ్‌లు ఎక్కువ సేపు, ఎక్కువ ఎత్తున తెరుచుకునేలా క్యామ్‌షాఫ్ట్‌ను మలిస్తే అధిక వేగంలో ఊపిరి బాగా ఆడుతుంది గానీ, తక్కువ వేగంలో అదే ఇంజిన్ నీరసపడుతుంది. ఈ చిక్కును హోండా 1989లో వీటెక్ అనే ఏర్పాటుతో విప్పింది: తక్కువ చుట్లకు ఒక క్యామ్ ఆకారం, ఎక్కువ చుట్లకు మరొకటి పనిచేసేలా నూనె ఒత్తిడితో మార్చి, ఇంటెగ్రాలోని 1,595 సీసీ ఇంజిన్ నుంచి 160 హార్స్‌పవర్ రాబట్టింది. అదే సంస్థ 1999లో తెచ్చిన ఎస్2000 కారులోని 1,997 సీసీ ఇంజిన్ నిమిషానికి 8,300 చుట్ల వద్ద 250 హార్స్‌పవర్ ఇచ్చేది. టర్బో సాయం లేకుండా మామూలు గాలితోనే లీటరుకు 125 హార్స్‌పవర్ సాధించిన ఆ పనితనం ఇప్పటికీ మెచ్చుకోదగ్గదే.

చుట్లు ఇష్టం వచ్చినంత పెంచుకోకుండా అడ్డుపడేది బరువు. పిస్టన్ ప్రతి అర చుట్టుకూ ఆగి వెనక్కి తిరగాలి, ఆ లాగుడు చుట్ల వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే పిస్టన్‌ను పట్టుకున్న కనెక్టింగ్ రాడ్‌పై లాగుడు నాలుగింతలవుతుంది. పిస్టన్ నడిచే దూరం తక్కువైతే ఈ భారం తగ్గుతుంది కాబట్టి, వేగంగా తిరిగే ఇంజిన్లలో సిలిండర్‌ను వెడల్పుగా, స్ట్రోక్‌ను పొట్టిగా ఉంచుతారు; ఎస్2000లో సిలిండర్ వెడల్పు 87 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 84. స్విఫ్ట్ కొత్త ఇంజిన్‌లో వెడల్పు 74, స్ట్రోక్ 92.8. మైలేజీకి, తక్కువ వేగంలో లాగుడుకు ప్రాధాన్యం ఇచ్చిన ఈ ఎంపిక సూరత్ రింగ్ రోడ్డు రద్దీకి తగినదే.

సీఎన్‌జీ వాడకం బాగా అలవాటైన సూరత్‌లో మరో విషయం గమనించాలి. సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్ ఒక పాలు పూర్తిగా మండడానికి సుమారు తొమ్మిదిన్నర పాళ్ల గాలి కావాలి, అంటే వాయువే సిలిండర్‌లో దాదాపు పదో వంతు చోటు ఆక్రమించి అంత గాలిని బయటే ఉంచేస్తుంది. అదే స్విఫ్ట్ సీఎన్‌జీపై నడిచేటప్పుడు టార్క్ 102 న్యూటన్ మీటర్ల దగ్గర, శక్తి 70 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంజిన్ గట్టిగా మోగితే పాడైపోతుందన్న భయంతో చాలామంది పెద్ద గేరులోనే సాపుతారా ఘాట్ ఎక్కించాలని చూస్తారు, జాతీయ రహదారి మీద లారీని దాటబోయి మధ్యలో బలం చాలక ఇబ్బంది పడతారు. శక్తి ఉన్నది పై చుట్లలో కనుక, దాటే ముందే ఒకటో రెండో గేర్లు తగ్గించండి. నూనె వేడెక్కకముందు మాత్రం చుట్లు పెంచకండి, కంపెనీ చెప్పిన గ్రేడు నూనెను గడువు దాటకుండా మార్పించండి.