భోజనం ముగిసిన తరువాత: రద్దీ వేళల్లో హోటల్ మర్యాద

తెలుగునాట పెండ్లి భోజనాలలో బంతి మధ్య నుండి లేవడం అమర్యాద. తన భోజనం ముగిసినా, పక్కవారి విస్తరి ఖాళీ అయ్యేవరకు కూర్చోవడం పెద్దలు నేర్పిన పద్ధతి. ఈ సంస్కారంతో ముంబయికి వచ్చినవారికి ఇక్కడి హోటల్ మర్యాద మొదట కొంత కటువుగా తోస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట వేళ తినడం పూర్తికాగానే లేవడమే ఇక్కడ గౌరవం. పైకి ఈ రెండు పద్ధతులూ పరస్పర విరుద్ధాలు. మూలం మాత్రం ఒక్కటే: పక్కవారిని గమనించడం. బంతిలో పక్కవారు ఇంకా తింటున్నారు. హోటల్‌లోనైతే ఇంకా తిననివారు వాకిట నిలబడి ఉన్నారు.

కూర్చునే చోటు కరువైన పేట

కామాఠీపురకు ఆ పేరు తెలుగు శ్రామికుల వలన వచ్చింది. 18వ శతాబ్దపు చివరి భాగం నుండి నిజాం రాజ్యం నుండి తరలివచ్చి, ఈ నగరపు కట్టడాలలో, రహదారుల పనుల్లో చెమటోడ్చిన కామాఠీలు ఇక్కడ స్థిరపడ్డారు. తరువాతి కాలంలో తెలంగాణ జిల్లాల పద్మశాలీలు నేతమిల్లుల పనికి వచ్చి వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో నివాసమేర్పరచుకొన్నారు. చాల్‌లోని ఖోలీ అంటే సాధారణంగా పదడుగుల చదరపు గది. అందులోనే వంట, నిద్ర, పిల్లల చదువు. ఊరి నుండి బంధువు వస్తే కూర్చోబెట్టి మాట్లాడడానికి చోటు ఉండదు.

అందువలన వీధి మూలనున్న చాయ్ హోటలే అనేకులకు రచ్చబండ అయింది. వార్తాపత్రిక చదవడం, ఊరి కబుర్లు చెప్పుకోవడం, పని వెదుక్కోవడం, సంబంధాలు మాట్లాడడం అన్నీ ఆ బల్లల చుట్టూనే సాగాయి. కనుక హోటల్‌లో ఎక్కువసేపు కూర్చునేవారిని కేవలం సోమరులుగా భావించడం న్యాయం కాదు. చోటు లేని ఇంటి నుండి వచ్చినవారికి ఆ కుర్చీ విలువ ఎక్కువ. అయితే అదే కారణం చేత, వాకిట వేచి ఉన్నవారికి కూడా దాని విలువ అంతే.

నగరం నేర్చుకొన్న వంతుల పద్ధతి

వంతుల భోజనం ముంబయికి క్రొత్త కాదు. మిల్లులు మూడు షిఫ్టులలో నడిచిన కాలంలో, కుటుంబాలను ఊళ్లలో విడిచి వచ్చిన కార్మికులకు స్త్రీలు తమ ఖోలీలలోనే ఖానావళులు నడిపి అన్నం పెట్టారు. చిన్న గదిలో ఒక వరుస తిని లేస్తేనే తరువాతి వరుసకు చోటు. ఇటువంటి స్త్రీలను సంఘటితపరచి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణా మహిళా మండల్‌ను స్థాపించారు. మాటుంగాలో 1942లో వెలసిన రామా నాయక్ ఉడిపి భోజనశాలలో టోకెను తీసుకొని తమ సంఖ్య పిలిచేవరకు వేచి ఉండడం వాడుక అయింది.

ఇరానీ హోటళ్లది మరొక మార్గం. ధోబీ తలావ్‌లోని బస్తానీ హోటల్‌లో గోడకు వేలాడిన నిషేధాల పట్టిక ఎంతటి ప్రసిద్ధి పొందిందంటే, ముంబయి ఆంగ్లకవి నిస్సిమ్ ఎజెకీల్ అటువంటి సూచనలనే ఒక కవితగా మలిచారు. ఎక్కువసేపు కూర్చోవద్దన్నది ఆ సూచనలలో ఒకటి. అయినా ఒక కప్పు చాయ్‌తో గంటలు గడిపినవారి జ్ఞాపకాలు కూడా ఆ హోటళ్ల చుట్టూనే ఉన్నాయి. పట్టిక అందరికీ ఒకటే. రద్దీని బట్టి దాని అమలు మారేది.

ఎవరి సమయం?

ఉదయం నాకా మీద కూలి కోసం నిలబడే పాలమూరు కార్మికునికి చాయ్, పావ్ తినడానికి పది నిమిషాలు దొరకడం కష్టం. ఆ పది నిమిషాలు బల్ల కోసం ఎదురుచూడడంలో గడిచిపోతే, అతడు ఆకలితోనే పనికి వెళ్లాలి, లేదా మేస్త్రీ మరొకరిని తీసుకొని వెళ్లిపోతాడు. పని మధ్యలో అరగంట విరామం దొరికే దుకాణపు ఉద్యోగిని స్థితి కూడా ఇంతే. చాల్‌లోని ఉమ్మడి కుళాయి వద్ద బిందె నిండగానే తీయాలని ఎవరూ వ్రాసిపెట్టనక్కరలేదు. వెనుక వరుస ఉందని అందరికీ తెలుసు. రద్దీ వేళ హోటల్ బల్ల కూడా అటువంటిదే.

పాటించదగిన పద్ధతులు

1. మిత్రులందరూ రాకముందే ఒక్కరు వచ్చి నలుగురి బల్లను పట్టి ఉంచరాదు.

2. ఒంటరిగా తినేవారు ఖాళీ కుర్చీలను అపరిచితులకు ఇవ్వాలి. ముంబయిలో ఇది సహజం. వచ్చినవారు “కూర్చోవచ్చా?” అని అడిగి కూర్చోవాలి. సంభాషణ కలపవలసిన అవసరం ఇరువురికీ లేదు.

3. తిన్న తరువాత ఫోను మాటలు, డబ్బు పంపకాలు గల్లా దాటిన తరువాత చూసుకోవాలి.

4. మరొక కటింగ్ చాయ్ తెప్పించుకొన్నంత మాత్రాన రద్దీ వేళ బల్ల మీద హక్కు పెరగదు.

5. వేచి ఉన్నవారు తినేవారి కుర్చీ వెనుక నిలబడరాదు. పెండ్లిళ్లలో అలవాటైన ఈ పద్ధతి తినేవారి గొంతులో ముద్ద దిగనివ్వదు. వాకిటనే నిలబడి, వచ్చిన వరుసలో లోపలికి వెళ్లాలి.

6. వృద్ధులు, గర్భిణులు, పసిపిల్లలతో వచ్చినవారు నిదానంగా తింటారు. వారిని తొందరపెట్టరాదు.

యజమానుల బాధ్యత

లేవమని చెప్పే మాట అందరికీ ఒకే విధంగా ఉండాలి. సిమెంటు మరకల బట్టలతో వచ్చినవానికి ఆ మాట ముందుగా వినిపించి, ఇస్త్రీ చొక్కావానికి వినిపించకపోతే అది మర్యాద కాదు, వివక్ష. “బయట నలుగురు వేచి ఉన్నారు” అని మెల్లగా చెబితే చాలామంది లేస్తారు. ఏ వేళల్లో తొందరగా లేవాలో పలక మీద వ్రాసి ఉంచడం ఇంకా మేలు. అందులో తెలుగు పంక్తి కూడా ఒకటి ఉంటే క్రొత్తగా వచ్చినవారికి ఇబ్బంది తప్పుతుంది. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత బల్లలు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక చాయ్‌తో పత్రిక చదువుకొనే వృద్ధుని కూర్చోనివ్వడం ఆ హోటల్‌కు నష్టం కాదు. ఖోలీలో కోడలు పిల్లలను నిద్రపుచ్చుతూ ఉండవచ్చు. ఆయనకు సాయంత్రం వరకు వెళ్లడానికి మరొక చోటు ఉండకపోవచ్చు.