గోళ్ల రంగు: ఇంటి పనుల్లో దాని బలమూ పరిమితీ

నెయిల్ పాలిష్ అనే గోళ్ల రంగు అలంకరణ సామగ్రిగా అంగళ్లలో అమ్ముడవుతున్నా, రసాయన స్వభావాన్ని బట్టి చూస్తే అది చెక్క సామానుకూ వాహనాలకూ పూసే లక్కరు కోవకు చెందిన పూతే కాబట్టి, గోటి మీద చేసే పనినే దారం, ఇనుము, ప్లాస్టిక్కుల మీద కూడా చేయగలదు. పశ్చిమ కర్నూలులోని తుగ్గలి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ఇళ్లలో సగం వాడి పక్కన పెట్టిన సీసాలు చిన్న చిన్న మరమ్మతులకు ఎంతో అక్కరకు వస్తాయి. అయితే దాన్ని ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో తేల్చుకోవాలంటే ముందుగా అది పనిచేసే తీరు తెలియాలి.

పత్తి నుంచి పూత దాకా

ఈ ద్రవంలో పొరగా ఏర్పడే ముఖ్య పదార్థం నైట్రోసెల్యులోజ్. మొక్కల కణాల గోడలకు గట్టిదనాన్నిచ్చే సెల్యులోజ్‌ను నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో చర్య జరిపి దీన్ని తయారుచేస్తారు. పత్తి పోగులో అత్యధిక భాగం సెల్యులోజే. పత్తి వ్యాపారానికి పేరుపొందిన ఆదోని వంటి చోట్ల జిన్నింగు మిల్లులు దూదిని వేరుచేసిన తరువాత కూడా గింజను అంటిపెట్టుకొని కొంత పొట్టి నూగు మిగిలిపోతుంది. లింటర్లు అని పిలిచే ఈ నూగు నూలు వడకడానికి పనికిరాకపోయినా, కలప గుజ్జుతో పాటు నైట్రోసెల్యులోజ్ పరిశ్రమకు ముడిసరుకు అవుతుంది.

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో తుపాకి మందుకు బదులుగా వాడదగిన నైట్రోసెల్యులోజ్‌ను రూపొందించగా, నత్రజని పాలు తగ్గించిన రకాలు తరువాతి కాలంలో సినిమా ఫిల్ముకూ, 1920లలో మోటారు కార్ల పూతలకూ ఉపయోగపడ్డాయి. అదే పూతల పరిజ్ఞానం గోళ్ల రంగుల తయారీకి దారితీసింది. 1932లో రెవ్లాన్ కంపెనీ అమెరికాలో గోళ్ల రంగుతోనే వ్యాపారం మొదలుపెట్టగా, మన దేశంలో టాటా సంస్థ 1952లో లాక్మేను స్థాపించింది.

సీసాలోని నైట్రోసెల్యులోజ్ ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావణుల్లో, అంటే ఇతర పదార్థాలను తమలో కరిగించుకొనే ద్రవాలలో, కరిగి ఉంటుంది. మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన ఈ ద్రావణులదే. పూసిన వెంటనే అవి ఆవిరైపోవడం వల్ల పలుచని, నీటికి కరగని పొర మిగులుతుంది. ఆ పొర పెళుసుబారి పగలకుండా మెత్తబరిచే పదార్థాలూ, అంటుకొని ఉండేందుకు రెజిన్లు అనే జిగురు పదార్థాలూ అందులో కలిసి ఉంటాయి. పోగులను పట్టి ఉంచడం, లోహానికి గాలీ నీరూ తగలకుండా చేయడం, చెరగని గుర్తుగా నిలవడం అనే మూడు గుణాల మీదే ఇంటి ఉపయోగాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

దారానికి కట్టుబాటు

మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం వల్ల పేరు తెచ్చుకొన్న ఎమ్మిగనూరులో, నేత గుడ్డను కత్తిరించిన చోట పడుగూ పేకా విడివడి పోగులు లేస్తాయన్నది అందరికీ తెలిసిన విషయమే. అంచు కుట్టడానికి వీలులేని చిన్న చోట్ల రంగులేని పాలిష్ పోగులను అతికించి ఆ విడిపోవడాన్ని ఆపుతుంది. లంగా నాడా కొస చీలిపోయి నేఫాలోకి దూరనప్పుడు, ఆ కొసను పాలిష్‌తో తడిపి, వేళ్లకు అంటకుండా ప్లాస్టిక్ కాగితంతో పట్టుకొని ఒకే దిశలో మెలిపెట్టి ఆరనిస్తే, అది గట్టిపడి సులభంగా దూరుతుంది. చొక్కా గుండీ మధ్య కనిపించే దారాల మీద ఒక చుక్క వేస్తే ఆ కుట్టు త్వరగా ఊడదు. సూదిలోకి ఎక్కని దారం కొస కూడా ఇదే విధంగా నిటారుగా నిలుస్తుంది. అయితే ఆరిన పొర ఉతికినా పోదు, గుడ్డ మీద మరకగా మిగులుతుంది కాబట్టి, పట్టుచీరల కుచ్చుల వంటి వాటి మీద ప్రయత్నించకపోవడమే మంచిది.

లోహానికి కవచం

ఇనుముకు నీరూ ఆక్సిజనూ రెండూ తగిలినప్పుడే తుప్పు పడుతుంది. అందువల్ల స్నానాల గదిలో నల్ల బండ మీద గుండ్రని తుప్పు మరక వేసే గడ్డపు నురగ డబ్బా అడుగు అంచుకూ, తడిలో ఉండే మరల తలలకూ శుభ్రంగా తుడిచి ఆరబెట్టిన తరువాత రెండు పొరలు వేస్తే చాలా కాలం రక్షణ ఉంటుంది. గిల్టు నగలు ఒంటికి తగిలే చోట దురద పుట్టించడానికి తరచుగా వాటిలోని నికెల్ కారణమవుతుంది. ఈ లోహం చెమటలో కొద్దికొద్దిగా కరిగి కొందరి చర్మంలో అలర్జీని రేపుతుంది. నగ వెనుక భాగానికి పూసిన రంగులేని పాలిష్ ఆ తాకిడిని తగ్గిస్తుంది గాని, రాపిడికి అరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పూయవలసి ఉంటుంది. దద్దు వచ్చినవారు ఆ నగను మానుకోవడమే సరైన మార్గం. కళ్లజోడు మర ఎప్పుడూ వదులవుతుంటే, దాన్ని బిగించి తల మీద గుండుసూది మొనతో ఒక చుక్క పెడితే అది నిలుస్తుంది, స్క్రూడ్రైవరుతో మళ్లీ తీయడానికీ వీలవుతుంది. ప్లాస్టిక్ అద్దాలకూ ఫ్రేముకూ మాత్రం ఆ ద్రవం అంటకూడదు, ఎందుకంటే కొన్ని ప్లాస్టిక్కులను ద్రావణులు కరిగిస్తాయి.

గుర్తుగా నిలిచే చుక్క

ఒకే రకం తాళంచెవులకు రంగు తేడాలు పెట్టడం, చూపు మందగించిన వృద్ధులు వేలితో తడిమి గుర్తుపట్టేలా రిమోటు మీటపై పొరమీద పొర వేసి బొడిపె తేల్చడం, ఉదయపు మాత్రల అట్టకు ఒక రంగూ రాత్రి మాత్రల అట్టకు వేరొక రంగూ పెట్టడం ఎంతో మేలు చేస్తాయి. అట్ట మీది మందు పేరూ గడువు తేదీ చుక్క కింద దాగకుండా చూసుకోవాలి. పశ్చిమ కర్నూలు పల్లెల నుంచి సుగ్గికి, అంటే పని కోసం వలస, వెళ్లే కుటుంబాలు పలువురితో కలిసి ఒకేచోట బతకవలసి వచ్చినప్పుడు బకెట్లూ ప్లాస్టిక్ బిందెలూ తారుమారు కాకుండా ఈ గుర్తు తోడ్పడుతుంది.

పురుగుమందు డబ్బాల విషయంలో మాత్రం సొంత గుర్తుల మీద ఆధారపడటం ప్రమాదకరం. మన దేశంలో చట్టం ప్రకారం ఆ లేబుళ్ల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విష తీవ్రతను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా సూచిస్తాయి కాబట్టి, ఇంట్లో వేసిన చుక్క ఆ అర్థాన్ని గందరగోళం చేయవచ్చు. మందును అసలు డబ్బాలోనే, లేబుల్ చెదరకుండా ఉంచాలి.

హద్దులు

ఇథైల్ అసిటేట్ ఆవిరి మామూలు గది వేడిమిలోనే నిప్పంటుకోగలదు. ఆదోని ప్రాంతపు వేసవిలో సీసాలోని ద్రావణి మరింత వేగంగా ఆవిరవుతుంది కాబట్టి పొయ్యి, దీపం, అగరుబత్తి దగ్గర లేకుండా, గాలి ఆడే చోట మాత్రమే దీన్ని వాడాలి. అన్నం, నీళ్లు తాకే పాత్రల లోపల పూయకూడదు. గ్యాసు గొట్టం పగులు మీదా, కరెంటు తీగ తొడుగు ఊడిన చోటా పూయడం ప్రాణాపాయం. ఈ పలుచని పొర గ్యాసు ఒత్తిడికి గానీ విద్యుత్తుకు గానీ ఆగదు, అక్కడ కొత్త గొట్టమూ కొత్త తీగా వేయించడం ఒక్కటే మార్గం. బరువు మోసే చోట కూడా దీని అతుకును నమ్మరాదు.

పిల్లలకు అందని అరలో, మూత బిగించి, ఎండ తగలకుండా ఉంచిన సీసా చిక్కబడితే గోళ్ల రంగుల కోసమే అమ్మే థిన్నరు రెండు మూడు చుక్కలు కలిపి మళ్లీ పలుచన చేసుకోవచ్చు. చేయబోయే పని దారం పోగులంత చిన్నదై, నిప్పుకూ ఆహారానికీ కరెంటుకూ దూరంగా ఉంటే ఈ సీసా సరిపోతుంది. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా మరమ్మతును పనివాడికి అప్పగించడమే విజ్ఞత.