పుస్తకం చదివాక పాపికొండలు

విహారానికి వెళ్లాలంటే టికెట్టు, టిఫిను చాలు. మరి ఆ విహారం గురించే చదువుకున్నవాళ్లు వెళ్తే? భద్రాచలం అడవి దారిలో వాళ్లకు కనిపించేది వేరు!

రేవులో లాంచీ కదలగానే అందరూ ఫొటోలకు ఎగబడతారు. ఆ గుంపులో టూరిజం కోర్సు చదువుతున్న కుర్రాడొకడు ఉన్నాడనుకోండి. అందరూ కొండల్ని చూస్తుంటే అతను కొండల్ని చూస్తున్నవాళ్లను చూస్తుంటాడు. మధ్యలో లైఫ్‌జాకెట్లు లెక్కపెడతాడు. 'ఇతనికేమైంది' అనిపిస్తుంది పక్కవాళ్లకు. ఏమీ కాలేదు, చదువు తలకెక్కిందంతే!

టూరిజం చదువంటే హోటళ్లు, టికెట్ల పాఠాలే కాదు. మనిషి ఎందుకు ఊళ్లు తిరుగుతాడు, తిరిగి ఏం చూస్తాడు అన్న సిద్ధాంతాలూ ఉంటాయి.

ఎవరి కళ్లతో?

బ్రిటన్ సమాజశాస్త్రవేత్త జాన్ అర్రీ 1990లో 'ది టూరిస్ట్ గేజ్' అనే పుస్తకం రాశారు. ఏం చూడాలో, ఎలా చూడాలో మనం గడప దాటకముందే ఫొటోలు, సినిమాలు నేర్పేస్తాయన్నది అందులోని సారం. ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. 1973లో బాపు 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'... రెండూ భద్రాచలానికి నీటి మీద సాగిన ప్రయాణాలే. కొండల మలుపు రాగానే 'అచ్చం సినిమాలోలాగే ఉంది' అంటాం. నిజానికి సినిమాయే కొండల్లా ఉండాలి కదా!

బండకు కథ

భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో పర్ణశాల. అక్కడి వాగులో బండల మీది చారల్ని సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. చూడదగ్గ చోటు తనంతట తాను పుట్టదనీ, దానికో పేరు పెట్టి కథ చెబితేనే అలా మారుతుందనీ అమెరికా పరిశోధకుడు డీన్ మెకానెల్ 1976లో 'ది టూరిస్ట్'లో వివరించారు. గైడు నోరు మెదపకపోతే అది మామూలు బండే. కుర్రాడు మనసులో నవ్వుకుంటాడు. ఇంతలో ఓ పెద్దావిడ ఆ బండను తాకి కళ్లకద్దుకుంటుంది. పాఠం అక్కడ తడబడుతుంది. ఆవిడ చూడ్డానికి రాలేదు, మొక్కడానికి వచ్చింది!

అసలా, నకలా?

అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని మగవాళ్లు డోలు వాయిస్తుంటే ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని అడుగులేస్తారు. పెళ్లిళ్లకూ పండగలకూ కోయలు ఆడే కొమ్ము నృత్యమిది. ఇప్పుడు వేదికల మీదా కనిపిస్తుంది. చూసేవాళ్ల కోసం ముస్తాబయ్యే ఇలాంటి 'అసలుతనం' గురించి మెకానెల్ 1973లోనే రాశారు. అలాగని ఇది నకిలీ అనేయొచ్చా? అంత తేలిక కాదు. ఆడేవాళ్లకు నాలుగు డబ్బులూ కావాలి, గౌరవమూ కావాలి. 'ఇది అసలైనదేనా' అని అడిగి ఊరుకుంటే సగం చదువే. ఎప్పుడు ఆడాలో, ఎంతకు ఆడాలో చెప్పేది ఎవరన్నది మిగతా సగం.

పేరంటాలపల్లి రేవులో కొండరెడ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముతూ వచ్చారు. అక్కడ బేరమాడటం మామూలే. 'లీకేజీ' పాఠం విన్నవాళ్లకు మాత్రం నోరు రాదు. యాత్రికుడు పెట్టే ఖర్చులో రవాణాకెంత, హోటలుకెంత, ఏజెంటుకెంత అని తీసేస్తూ పోతే ఊళ్లో మిగిలేది ఎంతన్నదే ఆ పాఠం. వెదురు బుట్టకిచ్చిన డబ్బు నేరుగా అల్లిన చేతికే చేరుతుంది మరి!

ఇక లైఫ్‌జాకెట్ల లెక్క. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో పాపికొండలకు బయల్దేరిన లాంచీ కచ్చులూరు దగ్గర మునిగి దాదాపు 50 మంది చనిపోయారు. ఎంతమందిని ఎక్కించాలి, ఏ రోజు ఆపేయాలి అన్నది టూరిజంలో పరీక్ష కోసం బట్టీపట్టే పాఠం కాదు, ప్రాణాలకు సంబంధించినది.

చదువు వల్ల విహారంలో అమాయకమైన సంబరం కొంత తగ్గొచ్చు. కానీ కొండల ముందు నిలబడ్డ మనుషులు కనిపించడం మొదలవుతుంది. అయినా సాయంత్రం భద్రాద్రి మెట్లెక్కి గుడి ముందు నిలబడితే ఆ కుర్రాడి చేతులూ వాటంతటవే జోడిస్తాయి. ఏ సిద్ధాంతం ప్రకారం అని మాత్రం అడక్కండి!