గాలికి అడ్డము: గోడయా, దడియా?

సెలవులలో పిల్లలతో సముద్రతీరమునకో, కొండ ప్రాంతమునకో పోయి గుడారము వేసికొనువారిని మొదట బాధించునది గాలి. అది పొయ్యి నార్పును, పిల్లలను వణకించును, ఒక్కొక్కప్పుడు గుడారమునే పెకలించును. అందుచే గాలి వచ్చు దిక్కున అడ్డము కట్టుదురు. ఆ అడ్డము దళసరి గుడ్డ కావలెనా, సందులున్న దడి కావలెనా?

గాలి చొరనిదే మేలని తోచుట సహజము. కాని గాలి గోడను తాకి ఆగిపోదు. పైకి లేచి అంచు దాటును. గోడ వెనుక వాయుపీడనము తగ్గియుండుటచే, దాటిన గాలి కొంత దూరములోనే క్రిందికి దిగి సుడులు తిరుగును. అచటివారి ముఖమున ఇసుక, పొగ కొట్టుటకు ఈ సుడులే కారణము.

సందులున్నచో కొంత గాలి మెల్లగా లోనికి వచ్చి ఆ పీడనపు లోటును కొంత తీర్చును. అందుచే పైగాలి వెంటనే దిగదు, సుడులు తగ్గును. వైశాల్యములో ఇంచుమించు సగము సందులైన దడి వెనుక, దాని ఎత్తునకు సుమారు 10 రెట్ల దూరము వరకు గాలి వేగము చెప్పుకోదగినంత తగ్గును. దడి ఎత్తు 1.5 మీటర్లయినచో ఇది 15 మీటర్లు. మన తీరమున సరుగుడు తోపులు చేయు పనియు ఇదియే. అయితే అడ్డమునకు ఆనుకొని కూర్చొనుటకు మాత్రమే అయినచో దళసరి గుడ్డయే మేలు.

ఇక బలము మాట. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 6 కిలోల బరువంత ఒత్తిడి కలిగించును. 5 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల ఎత్తు గల గుడ్డపై ఇది 45 కిలోలు. వేగము రెట్టింపయినచో బలము నాలుగు రెట్లై 180 కిలోలగును! అప్పుడది అడ్డము కాదు, తెరచాప. సందులున్న గుడ్డపై ఈ భారము తక్కువ. ఏదైనను ప్రతి కర్రకును గాలి వచ్చు వైపున ఏటవాలుగా త్రాడు లాగి మేకునకు కట్టవలెను. ఇసుకలో మేకు నిలువదు. త్రాటి కొసకు ఒక కర్రను అడ్డముగా కట్టి లోతుగా పాతవలెను. పెనుగాలి వీచునప్పుడు అడ్డమును దింపివేయుటయే క్షేమము. పొయ్యిని గుడ్డకు దూరముగా ఉంచవలెను. సుడిగాలికి మంట ఎటు తిరుగునో చెప్పలేము.

దీనిని తరగతిలోనే చూడవచ్చును. పంఖా ఎదుట మొదట అట్టను, తరువాత జల్లెడను నిలువుగా పట్టి, వెనుక వెలిగించిన అగరువత్తిని కొద్దికొద్దిగా దూరము జరుపుడు. పొగ ఎక్కడ సుడులు తిరిగినదో, ఎక్కడ నెమ్మదిగా సాగినదో విద్యార్థులచే గుర్తింపజేయుడు.