టార్క్ కన్వర్టర్ ఎంపికలో ఔచిత్యము

అమెరికాదేశమున పాత షెవ్రొలే, ఫోర్డు, పాంటియాక్ కార్లను ప్రాణప్రదముగా చూచుకొనుచు, వాటి ఇంజనులకు అదనపు బలము సమకూర్చుటయే అభిరుచిగా గలవారి షెడ్లలో తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. చాల ధనము వెచ్చించి క్రొత్త క్యామ్‌షాఫ్టు, పెద్ద కార్బురేటరు, వెడల్పైన పొగగొట్టములు అమర్చినను, కారు నిలిచినచోటినుండి బయలుదేరునప్పుడు మునుపటికంటె మందముగా కదలుచున్నదనియు, బ్రేకు త్రొక్కి గేరు వేయగానే ఇంజను ఆగిపోవుచున్నదనియు వారు వాపోవుదురు. ఇంజనునకును ఆటోమేటిక్ గేర్‌బాక్సునకును నడుమ, గారె ఆకారమున, నూనెతో నిండి, కంటికి కనబడక తిరుగుచుండు ఉక్కు పాత్ర యొకటి యున్నది. అదియే టార్క్ కన్వర్టర్. ఇంజను మారినను అది మారకపోవుటయే తరచుగా ఆ కష్టమునకు మూలము. అట్లని అంగడిలో దొరకువాటిలో అన్నిటికంటె పెద్ద అంకె గలదానిని తెచ్చి బిగించినచో, ఒక కష్టము తొలగి మరియొకటి సంప్రాప్తించును. సరియైనదానిని ఎన్నుకొనుటకు ముందు అది పనిచేయు తీరు తెలిసికొనవలెను.

ఈ పరికరము మొదట ఓడలకొరకు పుట్టినది. హెర్మన్ ఫోటింగర్ అను జర్మను ఇంజనీరు స్టెట్టిన్ రేవునందలి వల్కన్ నౌకానిర్మాణశాలలో పనిచేయుచు, మహావేగముతో తిరుగు ఆవిరి టర్బైనును మెల్లగా తిరుగవలసిన ఓడ ప్రొపెల్లరుతో జతపరచుటకై ద్రవమును మధ్యవర్తిగా నిలిపి, 1905లో ఆ విధానమునకు పేటెంటు కోరెను. 1939లో ఓల్డ్స్‌మొబీల్ కార్లయందు జనరల్ మోటార్స్ ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్ గేర్‌బాక్సులో నూనె బలమును అందించెడిదే గాని పెంచెడిది కాదు. 1948లో బ్యూయిక్ డైనాఫ్లో, 1950లో షెవ్రొలే పవర్‌గ్లైడ్ వెలువడుటతో బలమును పెంచగల కన్వర్టరు సామాన్య గృహస్థుని కారులోనికి వచ్చినది. నేడు హైదరాబాదు, విజయవాడ వీధులలో తిరుగు ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ కారులో పనిచేయుచున్నదియు ఆ సూత్రమే.

పాత్రలో రెక్కలు గల చక్రములు మూడుండును. మొదటిదగు పంపు, పాత్ర గోడకే అతుకబడి, ఇంజనుతోపాటు తిరుగుచు నూనెను అంచువైపునకు విసరును. రెండవదగు టర్బైను ఆ నూనె తాకిడిచే తిరిగి గేర్‌బాక్సు ఇరుసును త్రిప్పును. ఈ రెండే యున్నచో, టర్బైనునుండి వెలువడు నూనె పంపు తిరుగు దిశకు ఎదురుగా వచ్చి దాని శ్రమను పెంచును. కావున నడుమ స్టేటరు అను మూడవ చక్రము నిలిచి, ఆ నూనెను మరలించి పంపునకు అనుకూలమైన దిశలో పంపును. ఇందుచేతనే, కారు నిలిచియుండి ఇంజను బలముగా తిరుగు క్షణమున, ఇంజను టార్కు, అనగా త్రిప్పెడి బలము, రెండు రెట్లకో అంతకు ఇంచుక పైకో హెచ్చి గేర్‌బాక్సును చేరును. టర్బైను వేగము పంపు వేగమును సమీపించినకొలది ఈ హెచ్చు క్షీణించి, సుమారు పదింట తొమ్మిది వంతుల వద్ద అంతరించును.

ఎంపికకు సంబంధించిన చర్చ యంతయు స్టాల్ స్పీడు చుట్టును తిరుగును. టర్బైనును కదలనీయక నిలిపి యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కినప్పుడు, ఇంజను ఎంత వేగమువరకు పోయి అంతకుమించి పోజాలక నిలుచునో ఆ వేగమునకు ఆ పేరు. కొనువారు తప్పక గ్రహింపవలసిన రహస్యమేమన, పెట్టెపై అచ్చువేసిన స్టాల్ అంకె కన్వర్టరు సొత్తు మాత్రమే కాదు. అది కన్వర్టరునకును ఇంజనునకును గల సంబంధమునుండి పుట్టును. కన్వర్టరు స్వీకరించు టార్కు వేగముయొక్క వర్గమును, వ్యాసముయొక్క అయిదవ ఘాతమును అనుసరించి పెరుగును. కావున ఒక ఇంజను వెనుక నిమిషమునకు 2,400 చుట్లవద్ద నిలుచు కన్వర్టరు, అంతకు నూటికి 44 పాళ్లు అధికమైన టార్కు గల ఇంజను వెనుక 2,880 చుట్లవద్ద నిలుచును. రెక్కల తీరు మారక 12 అంగుళముల వ్యాసము 10 అంగుళములకు తగ్గినచో, అదే ఇంజను వెనుక స్టాల్ స్పీడు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగును. పందెపు కార్లకు చిన్న కన్వర్టర్లు వాడుటకు కారణ మిదియే.

ఉదాహరణకు 350 ఘనాంగుళముల వీ-ఎయిట్ ఇంజను, మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 350 గేర్‌బాక్సు గల 1969 నాటి షెవ్రొలే కమారోను తీసికొందము. కవాటములను ఎక్కువసేపు తెరచియుంచు క్యామ్‌షాఫ్టు అమర్చినచో, ఇంజను పై వేగములయందు విజృంభించును గాని క్రింది వేగములయందు నీరసించును. అట్టి ఇంజను 2,500 చుట్లు దాటినపిమ్మటనే పుంజుకొనునదైనచో, 1,800 వద్ద నిలుచు పాత కన్వర్టరు దానిని బలములేని చోటనే బంధించియుంచును. 2,600 మొదలు 2,800 వరకు స్టాల్ గలది దానిని బలమున్న చోటికి చేర్చి కారును కదలించును. పందెములు చూచిన ఉత్సాహముతో 4,000 స్టాల్ గలదానిని బిగించినచో, బజారులో మెల్లగా పోవునప్పుడును ఇంజను రొదచేయును గాని కారు వెంటనే అందుకొనదు. నడుమ జారిన శక్తి యంతయు నూనెలో వేడిగా మారును.

ఇంజను తరువాత రహదారి వేగమును లెక్కింపవలెను. 26 అంగుళముల టైర్లు, 3.73 నిష్పత్తి గల వెనుక ఇరుసు ఉన్న కారులో, గంటకు 60 మైళ్ల వేగమున పై గేరునందు ఇంజను సుమారు 2,890 చుట్లు తిరుగును, 3.08 ఇరుసుతో 2,390 మాత్రమే. మొదటి కారునకు ఇముడు కన్వర్టరు రెండవదానికి ఇమడదు. దూరప్రయాణమంతయు అది జారుచు, పెట్రోలును హరించుచు, నూనెను కాగబెట్టును. 1982లో వచ్చిన 700-ఆర్4 వంటి నాలుగు గేర్ల పెట్టె అమర్చి, 0.70 ఓవర్‌డ్రైవుతో నడపినచో, 3.73 ఇరుసుతోనే చుట్లు 2,020కి దిగును. అచ్చట పంపును టర్బైనును గట్టిగా కలిపివేయు లాకప్ క్లచ్చి గల కన్వర్టరు అత్యావశ్యకము. 1949లో పాకార్డు సంస్థ తన అల్ట్రామాటిక్‌లో చేర్చిన ఈ ఏర్పాటు, ఎక్కువ స్టాల్‌ను ప్రశాంత ప్రయాణముతో పొందుపరచు చక్కని సాధనము.

ఉష్ణమునకు ప్రత్యుపాయముగా ప్రత్యేకమైన ఆయిల్ కూలరును కన్వర్టరుతోపాటే కొనవలెను; నూనె సుమారు 80 మొదలు 95 డిగ్రీల సెల్సియస్ నడుమ నుండుట క్షేమము, మాడిన వాసనయు నల్లబడిన రంగును అపాయమునకు సూచనలు. లోపలి పనితనమును అడిగి తెలిసికొనవలెను: రెక్కలు కొలిమిలో కాచి అతికినవా, ఒరయుచోట్ల సూది బేరింగులున్నవా, స్టేటరు క్లచ్చి అదనపు బలమునకు తగినదా, టర్బో, నైట్రస్ వాడు కారైనచో పాత్ర ఉబ్బకుండ దళసరి రేకు అమర్చిరా అనునవి వెలయందలి వ్యత్యాసమునకు నిజమైన హేతువులు. బిగించు మెకానిక్, కన్వర్టరును గేర్‌బాక్సు పంపులోనికి మెట్టుమెట్టుగా చివరివరకు దిగనిచ్చెనో లేదో చూడవలెను. దిగకమునుపే బోల్టులు బిగించినచో ఎంత మంచి సామానైనను ఇంజను తిరిగిన తొలి క్షణమునందే పంపు పగులును.

తయారీదారు కారు బరువు, ఇరుసు నిష్పత్తి, టైరు ఎత్తు, క్యామ్‌షాఫ్టు వివరములు, కారు దినమును ఎచ్చట ఏ వేగమున తిరుగును అను ప్రశ్నలు వేయును. వేయనివానియొద్ద కొనరాదు. ప్రశ్నించినవానికి ఇంజను బలమును హెచ్చించి చెప్పుటయు, ఏడాదికొకసారి పోవు పందెమునే ప్రధానముగా చూపుటయు ఆత్మవంచన. ఆ అబద్ధమునకు తగిన కన్వర్టరే ఇంటికి వచ్చును. కావ్యమునకు ఔచిత్యమే జీవమని సంస్కృత ఆలంకారికుడగు క్షేమేంద్రుడు సిద్ధాంతము చేసినాడు. యంత్రశాస్త్రమునందును అది అంతే సత్యము: ఇంజను, ఇరుసు, టైరు, బరువు, వాడుక అను అయిదును ముందు నిశ్చయించుకొని, వాటికి ఒదుగునట్లు కన్వర్టరును కడపట ఎన్నుకొనువాడు తక్కువ వ్యయముతోనే వేగమును, మన్నికను, సుఖప్రయాణమును పొందగలడు.