రేవు చుట్టూ రెండు రోజులు

*విశాఖ వెళ్లొచ్చామంటే చాలామంది చెప్పే వరస ఒకటే: ఆర్కే బీచ్, కైలాసగిరి, జలాంతర్గామి, వీలుంటే అరకు. అన్నీ చూడదగ్గవే. అయితే వాటన్నిటి వెనకా ఉన్నది ఓడరేవు. ఆ కథ తెలుసుకుంటూ తిరిగితే ఊరు మరింత బాగా నచ్చుతుంది.*

హైదరాబాద్‌లో శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం తెల్లారేసరికి విశాఖలో దిగొచ్చు. విజయవాడ వాళ్లకు పొద్దున్నే రత్నాచల్ ఉండనే ఉంది. రెండు రోజుల సెలవులో కొండ, కడలి, గుడి, యుద్ధవిమానం, చేపల పులుసు అన్నీ కుదిరే ఊళ్లు తెలుగునాట ఎక్కువ లేవు. తిరగడానికి ఆటోలు, సిటీ బస్సులు ఎటూ ఉన్నాయి. 2025లో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా విద్యుత్తుతో నడిచే డబుల్ డెక్కర్ బస్సులు కూడా వచ్చాయి. పైఅంతస్తులో కూర్చుంటే దారి పొడవునా సముద్రం కనిపిస్తూనే ఉంటుంది.

తెల్లారకముందే సందడి

రైలు దిగి హోటల్లో సామాను పడేసి పడుకోకండి. నేరుగా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. రోజుల తరబడి సముద్రంలో ఉండి వచ్చిన మరపడవలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. గంపలు కిందికి దిగుతుంటాయి, ఐసు ముక్కలు ఎగురుతుంటాయి. తడి నేల మీద చేపల్ని కుప్పలు పోసి వేలం పాడతారు. వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్లు, రొయ్యలు, పీతలు... పేర్లు తెలిసినవి సగమైతే తెలియనివి సగం. పాట చకచకా సాగిపోతుంది. కొత్తవాళ్లకు ధర ఎంత దగ్గర ఆగిందో అర్థమయ్యేలోపే గంప చేతులు మారిపోతుంది.

ఇక్కడ చిల్లర అమ్మకమంతా ఆడవాళ్లదే. ఫొటోలు తీసుకుంటూ నిలబడితే ఊరుకోరు. ‘ఏటి బాబూ, సూసి ఎల్లిపోడమేనా, కొనేదేటైనా ఉందా?’ అని నవ్వుతూనే నిలదీస్తారు. ఉత్తరాంధ్ర మాటలోని తీపి, కారం రెండూ ఆ ఒక్క ప్రశ్నలో తెలిసిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ ఇక్కడ సందడి ఉండదు. చేపల కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజులు తప్పించి చూసుకోవాలి.

కొండ సందులోంచి ఓడ

ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లోనే పాతపట్నం. అక్కడ పక్కపక్కనే మూడు చిన్న కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరుడి గుడి. మూడూ రేవు ముఖద్వారాన్ని చూస్తుంటాయి. వేటకి వెళ్లేవాళ్లకు మూడూ దండం పెట్టుకునే చోట్లే.

చర్చి ఉన్న రాస్ హిల్ ఎక్కి కాసేపు నిలబడండి. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద కొండ డాల్ఫిన్స్ నోస్. ఆ కొండకీ ఇటు ఒడ్డుకీ మధ్య సన్నటి నీటిదారి. అదృష్టం బాగుంటే అప్పుడే ఓ సరకుల ఓడ లోపలికి వస్తూ కనిపిస్తుంది. ముందు దాన్ని లాగే టగ్గు పడవలు వస్తాయి. ఆ వెనక, కొండ మలుపులోంచి, ఓడ ముక్కు బయటపడుతుంది. అంత పెద్ద ఇనుపగోడ చప్పుడు లేకుండా ఇళ్ల పక్కనుంచి వెళ్తున్నట్టు ఉంటుంది. దీనికి టికెట్టు లేదు, లైను లేదు. పిల్లలకు మాత్రం ఏ పార్కులోనూ దొరకని వినోదం.

ఈ రేవు తెరుచుకున్నది 1933లో. ఆ ఏడు అక్టోబర్ 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. నైరుతి గాలుల్ని డాల్ఫిన్స్ నోస్ అడ్డుకుంటుంది కాబట్టే ఇక్కడ రేవు కట్టాలన్న ఆలోచన వచ్చింది. కానీ ఇసుకతో పెద్ద చిక్కొచ్చిపడింది. కెరటాల వాలుకి మన తూర్పుతీరం వెంబడి ఇసుక ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. అది నీటిదారిని పూడ్చేయకుండా అప్పట్లో ఇంజినీర్లు రెండు పాత ఓడల్ని ముఖద్వారం దగ్గర కావాలనే ముంచి అడ్డుకట్టగా నిలిపారు.

అడ్డుకట్టలు ఇసుకను ఆపాయి. ఆ ఇసుక అందాల్సిన ఉత్తరపు ఒడ్డు మాత్రం కోతకు గురవుతూ వచ్చింది. ఆ ఒడ్డే ఆర్కే బీచ్. అందుకే రేవు దగ్గర డ్రెడ్జర్లతో తవ్వి తీసిన ఇసుకను బీచ్ వైపు పంపి ఒడ్డును నిలబెడుతుంటారు. సాయంత్రం మనం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే ఇసుకలో కొంత అలా రేవు పంపినదే.

గుండ్రటి తలుపుల లోపల

మధ్యాహ్నం భోంచేశాక బీచ్ రోడ్డు. ఇక్కడ తప్పక చూడాల్సింది ఐఎన్ఎస్ కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి ఇది. 31 ఏళ్ల సేవలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001లో విశ్రాంతి తీసుకుంది. ఆ తర్వాత ఒడ్డుకు లాగి, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టి, 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు.

బయటి నుంచి చూస్తే 91 మీటర్ల పొడవు. లోపలికి వెళ్తే ఆ పొడవంతా యంత్రాలకే పోయిందని తెలుస్తుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి తలుపులోంచి ముందు కాలు, తర్వాత తల, ఆ వెనక నడుము దూర్చాలి. ముందు వైపు ఆరు, వెనక వైపు నాలుగు టార్పెడో గొట్టాలు. గోడలనిండా చక్రాలు, మీటలు, గొట్టాలు, రష్యన్ అక్షరాలు. వాటి సందుల్లోనే ఒకదాని మీద ఒకటిగా పడక బల్లలు. నలుగురున్న ఇంటి వంటగది కన్నా చిన్న గదిలో డెబ్బై మందికి పైగా వండేవారు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ మంచినీళ్లు పొదుపుగా వాడాల్సిందే కాబట్టి స్నానాల మాటే ఉండేది కాదు. ఇవన్నీ చూపించి చెప్పేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. పిల్లలు అడిగే ప్రశ్నలకు వాళ్లు విసుక్కోరు. తొందరపడి బయటికి రాకుండా వాళ్లు చెప్పేది వినండి.

రోడ్డుకు అవతల టీయూ-142 విమానం. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద గస్తీ తిరుగుతూ శత్రు జలాంతర్గాముల్ని వెతికిన విమానమిది. దాన్ని విడదీసి తెచ్చి, ఇక్కడ మళ్లీ బిగించి నిలబెట్టారు. జలాంతర్గామిలోంచి బయటికొచ్చి, జలాంతర్గాముల్ని వేటాడే విమానంలోకి ఎక్కడం, అదీ రోడ్డు దాటినంత తేలిగ్గా, ఇక్కడ తప్ప మరోచోట దొరకడం కష్టం.

అదే వరసలో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఉంది. ఆ యుద్ధం మొదలైన డిసెంబర్ 3 అర్ధరాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ తీరానికి దగ్గర్లోనే. ఆ శకలాలు ఇప్పటికీ అడుగునే ఉన్నాయి. కొంచెం ముందుకెళ్తే పాత డచ్చి బంగ్లాలో విశాఖ మ్యూజియం. అక్కడున్న వాటిలో ఒకటి మరీ చిత్రమైనది, పేలని జపాన్ బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు రేవు మీద, నిలిచి ఉన్న ఓడల మీద బాంబులు వేశాయి. భయంతో జనం ఊరు వదిలి పల్లెలకు వెళ్లిపోయారు. అప్పుడు పేలకుండా మిగిలిపోయిన బాంబే ఇది.

సాయంకాలం మూకుడు చుట్టూ

చీకటి పడేవేళకి బీచ్ రోడ్డంతా బళ్లే. విశాఖలో దిగినవాళ్లు ముందు తినాల్సింది మురీ మిక్చర్. మరమరాల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేరుశనగ పప్పు వేసి, నిమ్మకాయ పిండి, కారం చల్లి, గిన్నెలో గరిటె టకటకలాడిస్తూ కలిపి పొట్లం కట్టిస్తారు. మరమరాలు మెత్తబడేలోపు తినేయాలి. నిప్పుల మీద కాల్చి ఉప్పూకారం నిమ్మరసం రుద్దిన మొక్కజొన్న పొత్తులు, వేడి వేడి పునుగులు, మిరపకాయ బజ్జీలు కూడా ఉంటాయి. రాత్రి భోజనంలో చేపల పులుసు, రొయ్యల వేపుడు. శాకాహారులకు కూడా లోటు లేదు. తీపి ఇష్టమైతే మాడుగుల హల్వా పట్టుకెళ్లండి.

భీమిలి దారి

రెండో రోజు పొద్దున్నే ఉత్తరంగా కదలాలి. ముందు కైలాసగిరి. రోప్‌వేలో పైకెళ్తే ఒకవైపు బీచ్ రోడ్డు వంపు, ఇంకోవైపు లోపలికి వచ్చే వంతు కోసం లంగరు వేసి ఎదురుచూసే ఓడలు. శివపార్వతుల పెద్ద విగ్రహాల దగ్గర ఫొటోలు, చుట్టూ తిరిగే బొమ్మ రైలు పిల్లలకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లతో పాటు ఈ కొండనూ బోడి చేసిపోయింది. ఇప్పుడున్న పచ్చదనంలో చాలామటుకు ఆ తర్వాత పెరిగిందే.

అక్కణ్నుంచి రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరం ఇది. పడవ షికార్లకు, నీటి ఆటలకు బాగుంటుంది. ఇంకొంత దూరంలో తొట్లకొండ. నౌకాదళం స్థావరం కోసం కొండలను పరిశీలిస్తున్నప్పుడు బయటపడిన బౌద్ధారామం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్లు భిక్షువులు ఇక్కడ ఉన్నారు. రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపం, విహారాల పునాదులు చూడొచ్చు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే జలదుర్గ రావడానికి దాదాపు రెండు వేల ఏళ్ల ముందే ఈ తీరానికి పరదేశపు వర్తకంతో సంబంధం ఉందన్నమాట. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కొద్దు. పైన నీడ తక్కువ.

తొట్లకొండ దాటి ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లపాటు గాలి, సముద్రం కలిసి పోగేసిన ఇసుక ఇది. ఇనుము తుప్పుతో ఎర్రబడింది. వానలకు కోసుకుపోయి లోతైన చాళ్లు, సందులు, గోడలు ఏర్పడ్డాయి. ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక దిబ్బలు మన దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మరెక్కడా పెద్దగా లేవు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సినిమా పాటల్లో వీటిని మనం లెక్కలేనన్నిసార్లు చూసేశాం. అంచుల మీదెక్కి దూకితే మాత్రం మట్టి జారిపోతుంది. ఒకసారి జారిన దిబ్బ మళ్లీ లేవదు.

చివరికి భీమిలి. విశాఖ రేవు పుట్టకముందు ఈ తీరంలో పేరున్న రేవు ఇదే. డచ్చివాళ్లు బట్టల వ్యాపారం చేసిన ఊరు, 1825లో ఇంగ్లిషువాళ్లకు అప్పగించి వెళ్లారు. శిఖరాల్లాంటి కట్టడాలతో డచ్చి సమాధులు, పాత లైట్‌హౌస్ మిగిలాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిందంటే ఆ రోజుల్లో దీని హోదా ఊహించుకోవచ్చు. రేవు పని విశాఖకు తరలిపోయాక ఊరు నెమ్మదించింది. ఇప్పుడు దాని అందమంతా ఆ నెమ్మదిలోనే ఉంది. గోస్తని నది సముద్రంలో కలిసే చోట సాయంత్రం కూర్చోవచ్చు.

మూడో రోజు ఉంటే

సింహాచలం వెళ్తే మెట్ల దారిలో సంపెంగలు, కాలాన్ని బట్టి అనాసపండ్లు కొనుక్కోకుండా రాకండి. రెండూ ఆ కొండ సొంతం. లేదా ఉదయం కిరండూల్ రైలెక్కి బొర్రా, అరకు చూడండి. అద్దాల విస్టాడోమ్ బోగీలో కూర్చుంటే లోయలు, సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఈ లైన్లో మొత్తం 58 సొరంగాలు. బొర్రా గుహల్లోంచి పారే నీరే గోస్తని. భీమిలిలో మీరు చూసిన నది పుట్టింటి దారి అది.

ఈ రైలుమార్గం వెనకా రేవే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో ఈ లైను వేశారు. రేవు మీద బాంబులు వేసిన దేశమే దాదాపు పాతికేళ్లకు ఆ ఖనిజానికి పెద్ద కొనుగోలుదారు అయింది. మనం కిటికీలోంచి చూసే లోయల అందం ఆ ఇనుప వ్యాపారానికి అనుకోని కొసరు.

బయల్దేరేముందు

* నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో తుపాను హెచ్చరికలు చూసుకుని టికెట్లు కొనండి.
* జలాంతర్గామికి సోమవారం సెలవు. మిగతా రోజుల్లోనూ వేళలు చూసుకుని వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ గుండ్రటి తలుపులు కష్టం.
* విస్టాడోమ్ సీట్లు త్వరగా అయిపోతాయి. ముందే రిజర్వ్ చేసుకోండి.
* గుర్తుగా కొనాలంటే ఏటికొప్పాక లక్కబొమ్మలు. అంకుడు కర్రతో చేసి సహజ రంగులద్దినవి అడగండి.

ఆఖరుగా ఒక్క మాట. ఆర్కే బీచ్, యారాడ తీరాల్లో ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, కాళ్ల కింది ఇసుకను కెరటం లోపలికి లాగేస్తుంది. సరదాగా దిగినవాళ్లు ఏటా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. స్నానం చేయాలనుంటే గజ ఈతగాళ్లు, హద్దు జెండాలు ఉన్నచోటే, అదీ మోకాలి లోతు వరకే. ఎర్ర జెండా కనిపిస్తే వెనక్కి రండి. విశాఖ సముద్రం చూడ్డానికే ఎక్కువ బాగుంటుంది.