మూడు వేళ్లు పట్టని నోరు

పల్నాడుకు సున్నం కొత్త కాదు. పిడుగురాళ్ల అనగానే గుర్తొచ్చేవి సున్నపు బట్టీలే. గోడకు వేసే సున్నం గురించి తెలిసినంతగా, తమలపాకుకు రాసే సున్నం నోట్లో ఏం చేస్తుందో మనకు తెలియదు. లాలాజలం పీహెచ్ మామూలుగా 7కు అటూ ఇటూ ఉంటుంది. సున్నం దాన్ని క్షారంవైపు లాగుతుంది. పీహెచ్ 9.5 దాటితే వక్కలోని పాలీఫినాల్స్ ఆక్సిజన్‌తో గబగబా కలుస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. కిళ్లీ వేసుకుంటే నోరు ఎర్రగా పండేది కూడా ఇలాంటి చర్యవల్లే. ఇందులో సూపరాక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. వక్కలో ఉండే రాగి తోడైతే హైడ్రాక్సిల్ రాడికల్ తయారవుతుంది. కొవ్వు, ప్రొటీన్, డీఎన్‌ఏ ఏది ఎదురైనా అది వదలదు. శరీరం ఈ దాడిని తట్టుకోలేకపోవడమే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

ఆ రాడికల్ కనురెప్ప వేసేంతసేపు కూడా నిలవదు కాబట్టి, అది మిగిల్చిన నష్టాన్ని కొలుస్తారు. కొవ్వు పాడైతే మిగిలేది మాలోండైఆల్డిహైడ్, పొట్టిగా ఎండీఏ. రక్తంలోనో లాలాజలంలోనో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి కాస్తే గులాబీ రంగు తేలుతుంది. ఆ రంగు ఎంత చిక్కనో 532 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతారు. డీఎన్‌ఏ దెబ్బతింటే కనిపించే గుర్తు 8-హైడ్రాక్సీడీఆక్సీగ్వానోసిన్. దాడిని అడ్డుకునేవి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, గ్లూటాథయోన్.

తెల్లమచ్చ (ల్యూకోప్లేకియా), నోరు బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో ఎండీఏ ఎక్కువగా, రక్షక ఎంజైములు తక్కువగా ఉన్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. కానీ అవి గుంపు సగటులు. చిగుళ్ల జబ్బున్నా, షుగరున్నా, చుట్ట కాల్చినా ఎండీఏ పెరుగుతుంది. ఆ ఒక్క రిపోర్టు పట్టుకుని ఫలానా మనిషికి క్యాన్సర్ వస్తుందనో రాదనో చెప్పడం కుదరదు. నా దృష్టిలో ఈ గుర్తులు జబ్బు ఎలా నడుస్తుందో చెబుతాయి, ఎవరికి ముదురుతుందో చెప్పవు.

ముదిరే లెక్కలు వేరే ఉన్నాయి. 2020లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం తెల్లమచ్చల్లో 9.5 శాతం, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌లో 5.2 శాతం, ఎర్రమచ్చల్లో (ఎరిత్రోప్లేకియా) 33.1 శాతం క్యాన్సర్‌గా మారాయి. కేరళలోని ఎర్నాకుళంలో 66 మంది ఫైబ్రోసిస్ రోగులను 17 ఏళ్లపాటు గమనిస్తే 7.6 శాతం మందికి, అంటే ఐదుగురికి, క్యాన్సర్ వచ్చింది.

ఈ ఫైబ్రోసిస్ విషయంలో ఒకప్పుడు మన మిరపకాయ కూడా బోనెక్కింది. రోగులు కారం తినలేరు, నోరు భగభగమంటుంది. దాంతో 1960లో ఎలుకల అంగిలి మీద మిరప సారంతో ప్రయోగాలు చేశారు. తర్వాతి అధ్యయనాలు వేలెత్తి చూపింది వక్కనే. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ, పొగాకు లేని వక్కను సైతం మొదటి వర్గం క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. గుట్కా మానేసి వట్టి వక్కపొడి నములుతున్నామని నిమ్మళంగా ఉండేవాళ్లు ఈ మాట గమనించాలి.

చుట్టను అడ్డపొగగా, నిప్పు లోపలికి పెట్టి కాల్చే శ్రీకాకుళం ప్రాంతంది ఇంకో కథ. 1971లో అచ్చయిన సర్వేలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు చూశారు. అక్కడ దెబ్బ పొగాకుతోపాటు వేడిది కూడా.

ఆక్సిడేషనే సమస్య అయితే యాంటీఆక్సిడెంట్ మాత్ర మింగితే సరిపోదా? ఫిన్లాండ్‌లో 29,133 మంది మగ పొగరాయుళ్ల మీద జరిగిన ట్రయల్ ఫలితం 1994లో వచ్చింది. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటాకెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

నోరు బిగుసుకుంటోందేమో చూసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. నోరు బాగా తెరిచి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య మీ మూడు వేళ్లు నిలువుగా, ఒకదాని మీద ఒకటిగా పెట్టి చూడండి. పెద్దవాళ్లకు ఈ సందు సుమారు 40 మిల్లీమీటర్లు ఉండాలి. మూడో వేలు పట్టకపోయినా, బుగ్గ లోపల తాడులా గట్టిగా తగిలినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా దంత వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. అనుమానం తేల్చేది బయాప్సీయే. అలవాటు మానేస్తే తెల్లమచ్చ చాలామందిలో తగ్గుతుంది, కొందరిలో పూర్తిగా పోతుంది. బిగుసుకున్న బుగ్గ మాత్రం మానేసినా మళ్లీ మెత్తబడటం అరుదు.